పట్టాలు పోయాక పట్టా ఎవరిది?

మా నాన్న రెవెన్యూలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఏ ఊరెళ్ళినా ముందు నేల చూస్తారు, ఆ తర్వాతే మనుషుల్ని. పోయిన వేసవిలో అమ్మా నాన్నా వర్జీనియాలో మా ఇంటికి వచ్చినప్పుడు, మర్నాడు పొద్దున్నే హెర్న్‌డన్‌లో ఇంటి దగ్గరున్న ట్రెయిల్ మీదికి వాకింగ్‌కి తీసుకెళ్ళాను. పది అడుగుల తారు బాట, పక్కనే కంకర బాట, రెండు వైపులా చెట్లు, పైన హైటెన్షన్ తీగలు. నాన్న ఓ అర కిలోమీటరు ఏమీ మాట్లాడకుండా నడిచారు. తర్వాత ఆగి, అటు పక్క ఇళ్ళ కంచె నుంచి ఇటు పక్క కంచె దాకా కళ్ళతోనే కొలిచి అడిగారు: "వంద అడుగులుంటుంది. ఎక్కడా తెగినట్టు లేదు. ఇంత పొడుగు భూమి ముక్క కాకుండా ఎలా మిగిలిందిరా? ఇదెవరి పట్టా?"

నేను ఆ బాట మీద నాలుగేళ్ళుగా నడుస్తున్నాను. ఈ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. ఇక్కడ ఒకప్పుడు రైలు నడిచేదని మాత్రం తెలుసు, బోర్డుల మీద రాసి ఉంటుంది. రైలు ఆగిపోయింది, బాట వేశారు, అంతే అనుకున్నాను. ఆ రెండింటి మధ్య ఎన్ని కోర్టులు, ఎన్ని చట్టాలు, ఎంత అదృష్టం ఉన్నాయో నాన్న అడిగాకే చదివి తెలుసుకున్నాను.

ట్రెయిల్ పూర్తి పేరు వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమినియన్. ఇక్కడివాళ్ళు డబ్ల్యూ అండ్ ఓడీ అంటారు. వాషింగ్టన్ నగరానికి ఆనుకుని ఉన్న ఆర్లింగ్టన్‌లో షర్లింగ్టన్ అనే చోట మొదలై ఫాల్స్ చర్చ్, వియన్నా, రెస్టన్, హెర్న్‌డన్, స్టెర్లింగ్, ఆష్‌బర్న్, లీస్‌బర్గ్ మీదుగా పర్సెల్‌విల్ దాకా దాదాపు 45 మైళ్ళు, అంటే 72 కిలోమీటర్లు. విజయవాడలో బయల్దేరితే ఏలూరు దాటిపోతాం. హెర్న్‌డన్, స్టెర్లింగ్, ఆష్‌బర్న్ అంటే ఇప్పుడు ఎన్నో తెలుగు కుటుంబాలకి ఇంటి అడ్రసు. మన పిల్లలు సైకిల్ తొక్కడం నేర్చుకున్నదీ, మనవల్ని చూసుకోడానికి ఆర్నెల్లకి వచ్చిన పెద్దవాళ్ళు చీర మీద స్పోర్ట్స్ షూ వేసుకుని పొద్దున్నే నడిచేదీ ఈ బాట మీదే.

బొగ్గు కోసం వేసిన లైను

పోటోమాక్ నది ఒడ్డున అలెగ్జాండ్రియా అనే రేవు పట్నం ఉంది. 19వ శతాబ్దం మధ్యలో అక్కడి వ్యాపారులకి బాల్టిమోర్ రేవుతో గట్టి పోటీ. పడమటి కొండలకి అవతల హాంప్‌షైర్ కౌంటీలో బొగ్గు ఉంది, అక్కడిదాకా సొంత రైలు మార్గం ఉంటే ఆ సరుకంతా తమ రేవుకే వస్తుందని వాళ్ళ ఆశ. 1855లో పని మొదలుపెట్టారు, 1860కి లీస్‌బర్గ్ చేరారు. ఆ మరుసటి ఏడే అంతర్యుద్ధం వచ్చిపడింది. 1861 జూన్ 17న ఒహాయో సైనికుల్ని ఎక్కించుకుని వస్తున్న రైలు మీద వియన్నా దగ్గర కాన్ఫెడరేట్ల (విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల సైన్యం) ఫిరంగులు పేలాయి. యుద్ధంలో ఈ లైను చాలా మేరకు పాడైపోయింది.

యుద్ధం అయ్యాక మెల్లగా బాగుచేసుకుంటూ 1874లో పర్సెల్‌విల్, 1900లో బ్లూమాంట్ చేరారు. అది బ్లూ రిడ్జ్ కొండల పాదం. లైను అక్కడితో ఆగింది. కొండ దాటనే లేదు, బొగ్గు చేతికి రానే లేదు. దాని బదులు పల్లెల నుంచి పట్నానికి పాలు మోసింది, ధాన్యం మోసింది, వాషింగ్టన్ ఎండలు తట్టుకోలేనివాళ్ళని కొండ గాలికి తీసుకెళ్ళింది. 1912 తర్వాత కరెంటు రైళ్ళు వచ్చాయి. తర్వాత కార్లూ రోడ్లూ వచ్చాయి. 1951లో ప్రయాణికుల రైళ్ళు ఆపేశారు.

ఆఖరి రోజుల్లో ఈ లైను చేసిన ఒక పెద్ద పని తెలిసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. 1962లో మొదలైన డల్లస్ ఎయిర్‌పోర్టు (టెక్సాస్‌లో ఉన్న డాలస్ వేరు, ఇది వాషింగ్టన్ దగ్గరిది) కట్టేటప్పుడు కాంక్రీటుకి కావలసిన ఇసుక ఈ లైను మీద వచ్చింది. మా అమ్మా నాన్నా దిగిన ఎయిర్‌పోర్టు అదే. వాళ్ళు మర్నాడు నడిచిన బాట ఆ ఇసుక వచ్చిన దారే. ఆ పని అయ్యాక ఇక మోయడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. 1968 ఆగస్టులో రైలు పూర్తిగా ఆగిపోయింది.

వంద అడుగులు, 45 మైళ్ళు

ఇక్కడ నాన్న లెక్క వేశారు. వెడల్పు సుమారు వంద అడుగులు, పొడవు 45 మైళ్ళు. గుణిస్తే 540 ఎకరాల పైచిలుకు. ఒక్కచోట చదరంగా ఉంటే అదొక పెద్ద రైతు కమతం, అంతకంటే విశేషం లేదు. దారంలా సాగదీసి ఉంది కాబట్టి ఓ పాతిక లక్షల మంది బతికే ప్రాంతానికి వెన్నెముకలా పనికొస్తోంది. ఈ దారంలో మధ్యలో ఏ రెండు ఎకరాలు ఎవరో కొనుక్కుని గోడ కట్టినా మిగిలిన 538 ఎకరాల విలువ సగానికి సగం పడిపోతుంది. మామూలు భూమిని ముక్కలు చేసి అమ్మితే ధర పెరుగుతుంది. రైలు కట్ట విషయంలో ముక్క చేస్తే అసలు వస్తువే పోతుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతా చట్టాలూ కోర్టు కేసులూ అన్నీ అర్థమవుతాయి.

మనకి ఇది కొత్తేం కాదు. గోదావరి వైపు పుంత అంటాం, గుంటూరు వైపు డొంక అంటారు. ఊరి నుంచి పొలాలకి బళ్ళు వెళ్ళే దారి. బళ్ళు తిరిగినంత కాలం అది దారి. బళ్ళు తగ్గాక అటు రైతు ఏడాదికో చాలు లోపలికి దున్నుతాడు, ఇటు రైతు ఇంకో చాలు. పదేళ్ళకి అది గట్టంత అవుతుంది. ఇరవయ్యేళ్ళకి మ్యాపులో తప్ప కనపడదు. మళ్ళీ కావాలంటే కొలతలు, నోటీసులు, కొట్లాటలు.

డబ్ల్యూ అండ్ ఓడీ అలా కలిసిపోకుండా మిగలడానికి ముందుచూపు కంటే ముందు అదృష్టం సాయం చేసింది. రైలు ఆపేసినప్పుడు ఆర్లింగ్టన్ వైపు కొంత భాగం 66వ నంబరు హైవే కోసం రాష్ట్ర రోడ్ల శాఖకి వెళ్ళింది. మిగిలిన చాలా భాగాన్ని వర్జీనియా కరెంటు కంపెనీ కొనుక్కుంది. తీగలు లాగడానికి కూడా రైలుకి కావలసినట్టే తెగని పొడవాటి పట్టీ కావాలి కదా. అప్పటికే లైను వెంబడి వాళ్ళ తీగలున్నాయి. రైతు రైతుకీ విడివిడిగా అమ్మకుండా భూమి ఒక్క చేతి నుంచి ఇంకో చేతికి మారింది. ఉత్తర వర్జీనియా ప్రాంతీయ పార్కుల సంస్థ 1974లో ఫాల్స్ చర్చ్‌లో కొద్ది మేర బాట వేసి చూసింది. జనం విరగబడి వచ్చారు. దాంతో 1978 నుంచి 1982 దాకా విడతలుగా కరెంటు కంపెనీ దగ్గర ఆ పట్టీ అంతా కొనేసింది. 1988కి బాట పర్సెల్‌విల్ చేరింది.

కాబట్టి నాన్న ప్రశ్నకి సూటి జవాబు: పట్టా పార్కుల సంస్థది, పైన తీగలకి దారి హక్కు కరెంటు కంపెనీది. "అయితే పద్ధతిగానే ఉంది," అన్నారు నాన్న. కానీ అమెరికాలో అన్ని లైన్లకీ ఇంత సుఖంగా జరగలేదు.

అమ్మారా, దారి ఇచ్చారా?

అమెరికాలో రైలు మార్గాలు 1916లో పతాక స్థాయికి చేరాయి. అప్పుడు మొత్తం రెండు లక్షల 54 వేల మైళ్ళు. అక్కడి నుంచి తగ్గుతూ వచ్చాయి. 1980లో స్టాగర్స్ చట్టం వచ్చి రైల్వే కంపెనీల మీద ఆంక్షలు సడలించాక, నష్టాల్లో ఉన్న లైన్లు మూసుకోవడం ఇంకా తేలికైంది. అప్పట్లో ఏటా వేల మైళ్ళు మూతపడ్డాయి. మరి ఆ కట్ట కింద నేల ఎవరికి చెందుతుంది?

జవాబు ఆ నేల మొదట్లో రైల్వేకి ఎలా వచ్చిందన్నదాన్ని బట్టి ఉంటుంది. అక్కడి రైల్వేలు ప్రైవేటు కంపెనీలు. నూట యాభై ఏళ్ళ కిందట అవి ఒక్కో రైతు దగ్గరికీ వెళ్ళి ఒక్కో కాగితం రాయించుకున్నాయి. కొందరు రైతులు ఆ పట్టీని అచ్చంగా అమ్మేశారు. అలాంటి చోట రైలు నడిచినా నడవకపోయినా భూమి కంపెనీదే, ఎవరికైనా అమ్ముకోవచ్చు. ఇంకొందరు "రైలు నడుపుకోడానికి దారి ఇస్తున్నాం" అని మాత్రమే రాశారు. మన దస్తావేజుల్లో ఈజ్‌మెంట్ హక్కు అని రాస్తామే, అదే. పొలంలోంచి పక్కవాడికి నడక దారి ఇస్తే పొలం వాడిదైపోదు. ఆ అవసరం తీరాక దారి హక్కు పోతుంది, నేల మన కిందే ఉంటుంది. మరికొన్ని చోట్ల, ముఖ్యంగా పడమటి రాష్ట్రాల్లో, ప్రభుత్వమే తన భూమిలోంచి కంపెనీలకి దారి ఇచ్చింది.

ఒకే ముప్పై మైళ్ళ లైనులో ఈ మూడు రకాలూ కలిసి ఉండొచ్చు. ఇక్కడ అచ్చు అమ్మకం, అవతల గట్టు దాటితే దారి హక్కు, ఇంకో మైలు పోతే ఏదో చెరిగిపోయిన కాగితం. లింకు డాక్యుమెంట్లు ఒక్కటీ సరిగ్గా ఉండవు. రైలు ఆపేసిన రోజున చట్టం దృష్టిలో ఈ పట్టీ ముక్కచెక్కలవుతుంది. దారి ఇచ్చిన రైతుల వారసులు, లేదా వాళ్ళ దగ్గర పొలం కొన్నవాళ్ళు, వచ్చి "మా నేల మాకు వచ్చేసింది" అంటారు. వాళ్ళది అక్షరాలా న్యాయమైన మాటే.

దీన్ని ఆపడానికి 1983లో అమెరికా కాంగ్రెస్ జాతీయ ట్రెయిళ్ళ చట్టాన్ని సవరించింది. దాని పేరు రైల్‌బ్యాంకింగ్. పేరులోనే ఉంది విషయం: లైనుని బ్యాంకులో దాచినట్టు దాచిపెట్టడం. మూసేద్దామనుకున్న లైను గురించి రైల్వే కంపెనీ కేంద్రంలోని రవాణా బోర్డుకి దరఖాస్తు పెడుతుంది. అప్పుడు ఏదైనా మునిసిపాలిటీయో, పార్కు సంస్థో, ట్రస్టో ముందుకొచ్చి, "పన్నులు మేం కడతాం, ఏదైనా ప్రమాదం జరిగితే బాధ్యత మాది, బాట నడుపుతాం" అని రాసివ్వాలి. రైల్వే కంపెనీ ఒప్పుకోవాలి, బలవంతం లేదు. ఇద్దరికీ కుదిరితే ఆ లైను చట్టం ప్రకారం మూతపడినట్టు లెక్కలోకి రాదు. రేపు మళ్ళీ రైలు అవసరం వస్తే పట్టాలు వేసుకునే వీలుంది కాబట్టి, మధ్యలో సైకిళ్ళు తిరుగుతున్న కాలమంతా అది నిద్రపోతున్న రైలు మార్గమే. దారి హక్కు చెల్లిపోలేదు, కాబట్టి నేల వెనక్కి పోదు.

ఇది వినగానే నాన్న నవ్వారు. "మాటవరసకి రైలు అంటున్నారు గానీ అసలు పని బాటే కదా" అన్నారు. చాలామంది రైతులు కోర్టులో అన్నమాట కూడా అదే. కానీ మళ్ళీ రైలు రావడమనేది ఉత్త మాట అనుకోడానికి లేదు. కొన్ని చోట్ల రైల్‌బ్యాంకింగ్ చేసిన లైన్ల మీద మళ్ళీ పట్టాలు పడ్డాయి. అంత దూరం పోవడం ఎందుకు, కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో వేసిన లైనుని రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పీకేశారు. అరవై ఏళ్ళ పైన రైలు కూత లేదు. 2004లో మళ్ళీ పట్టాలు వేసి రైలు నడిపారు. ఆ వైపు పెద్దవాళ్ళు చిన్నప్పుడు పోయిన రైలుని ముసలితనంలో చూశారు. మన దగ్గర రైల్వే భూమి సాధారణంగా సేకరించి రైల్వే పేరు మీదే ఉంచుతారు కాబట్టి వారసుల పేచీ అంతగా రాదు. అమెరికాలో ఆ వెసులుబాటు లేక ఈ కొత్త చట్టం అవసరమైంది.

పెరటి వెనక కొత్త మనుషులు

రైతుల వైపు నుంచి కూడా చూడాలి. వాళ్ళని అభివృద్ధికి అడ్డుపడేవాళ్ళుగా చూపించడం నాకు నచ్చదు. మీ తాతగారు రైలు కోసం దారి ఇచ్చారు. రోజుకి రెండు సార్లు రైలు పోయేది, మిగతా వేళ అది మీ పొలమంత ప్రశాంతం. ఇప్పుడు రైలు పోయింది, నేల మీకొస్తుందని కాగితం చెబుతోంది. అంతలో ఢిల్లీ లాంటి దూరపు రాజధానిలో ఒక చట్టం చేసి, ఆ దారి మీద పొద్దున ఆరు నుంచి చీకటి పడేదాకా ముక్కూ మొహం తెలియని వందల మంది మీ పెరటి వెనకగా తిరుగుతారని చెప్పారు. గొడ్లు బెదిరితే? గేటు తీసి వదిలేస్తే? పంట పొలం మధ్యకి తెగితే? భయం సహజం.

వెర్మాంట్ రాష్ట్రంలో చాంప్లేన్ సరస్సు ఒడ్డున ఇల్లున్న ప్రిసో దంపతులు ఈ మాట సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్ళారు. 1990లో కోర్టు రైల్‌బ్యాంకింగ్ చట్టం చెల్లుతుందని ఏకగ్రీవంగా చెప్పింది. భవిష్యత్తు కోసం రైలు మార్గాల్ని కాపాడుకునే అధికారం కాంగ్రెస్‌కి ఉందని దాని సారాంశం. అయితే దాంతోపాటే ఇంకో తలుపు తెరిచి ఉంచింది. ప్రభుత్వం ఒకరి ఆస్తి తీసుకుంటే తగిన పరిహారం ఇవ్వాలని అమెరికా రాజ్యాంగం అంటుంది. బాట వేయడం వల్ల తమ నేల పోయిందనుకునేవాళ్ళు కేంద్ర ప్రభుత్వం మీద పరిహారం కోసం దావా వేసుకోవచ్చంది. ఆ దంపతులు అలాగే వేశారు, 1996లో ఫెడరల్ అప్పీలు కోర్టు వాళ్ళ ఆస్తి తీసుకున్నట్టేనని ఒప్పుకుంది. అప్పట్నుంచి ఇలాంటి కేసుల్లో బాట నిలబడుతుంది, రుజువు చూపిన భూయజమానికి డబ్బు వస్తుంది. ఆ డబ్బు బాట నడిపే సంస్థ ఇవ్వక్కర్లేదు, కేంద్ర ఖజానా ఇస్తుంది. నా మటుకు ఇది ఈ వ్యవహారం మొత్తంలో అన్నిటికన్నా తెలివైన ఏర్పాటు. దారం తెగదు, దారం కింద నేల ఉన్నవాడికి అన్యాయమూ జరగదు. కేసులు ఏళ్ళ తరబడి సాగడం ఒక్కటే దీనిలో బాధ.

2014లో ఇంకో తీర్పు వచ్చింది. అది ట్రెయిళ్ళ వాళ్ళకి పెద్ద దెబ్బ. వయోమింగ్ రాష్ట్రంలో బ్రాంట్ అనే కుటుంబానికి చెందిన అడవి భూమిలోంచి పాత రైలు కట్ట వెళ్తుంది. 1875 నాటి చట్టం కింద ప్రభుత్వం రైల్వేకి దారి ఇచ్చింది, తర్వాత చాలా కాలానికి ఆ భూమిని ఆ కుటుంబానికి పట్టా చేసింది. రైలు ఆగిపోయాక దారి తిరిగి మాకే వస్తుంది అంది ప్రభుత్వం. సుప్రీంకోర్టు ఎనిమిది, ఒకటి తేడాతో కాదంది. 1875 చట్టం ఇచ్చింది ఉత్త దారి హక్కే, రైలుతోపాటే ఆ హక్కూ పోయింది, నేల ఆ కుటుంబానిదే అంది. ఆ లైను రైల్‌బ్యాంకింగ్ చేయలేదన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. సమయానికి బ్యాంకులో వేసి ఉంటే కథ వేరేగా ఉండేది.

సమయానికి వేసిన దానికి మిస్సోరిలోని కేటీ ట్రెయిల్ మంచి ఉదాహరణ. మిస్సోరి నది వెంబడి వెళ్ళే ఆ లైనుని 1986లో వరదలు కొట్టేయడంతో రైల్వే వదులుకుంది. పెట్టుబడుల వ్యాపారంలో ఉన్న టెడ్ జోన్స్ అనే ఆయన, ఆయన భార్య ప్యాట్, సుమారు 22 లక్షల డాలర్లు విరాళం ఇచ్చారు. భూయజమానులు కోర్టుకెళ్ళారు, కొత్త చట్టం నిలబడింది. 1990లో మొదటి ముక్క తెరిచారు. 1993లో మళ్ళీ పెద్ద వరద వచ్చి చాలా భాగం తుడిచిపెట్టింది, మళ్ళీ కట్టారు. ఇప్పుడది 240 మైళ్ళ పొడుగు, దేశంలో ఈ రకం బాటల్లో అన్నిటికన్నా పెద్దవాటిలో ఒకటి. ధాన్యం మిల్లులు మూతపడి ఖాళీ అయిన చిన్న ఊళ్ళలో సైకిళ్ళ వాళ్ళ కోసం హోటళ్ళూ, బస గదులూ వెలిశాయి.

అమ్మ మోకాళ్ళు, సైకిలు గంట

కాగితాల సంగతి పక్కనపెట్టి నేల మీదికి వద్దాం. రైలు కట్ట బాటగా ఇంత బాగా కుదరడానికి కారణం రైలు బలహీనతే. ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద జారుతుంది, అందుకే తక్కువ బలంతో ఎక్కువ బరువు లాగుతుంది. అందుకే ఎత్తు ఎక్కలేదు కూడా. నూరడుగుల దూరానికి ఒకటి రెండడుగులకి మించి ఎత్తు పెరిగితే ఇంజను ఆయాసపడుతుంది. కాబట్టి ఆనాటి కూలీలు పారలతో, మందుగుండుతో మిట్టలు తవ్వి పల్లాలు పూడ్చి, గుండ్రంగా మెల్లగా తిరిగే మలుపులు వేశారు. ఆ కష్టమంతా ఇవాళ మా అమ్మ మోకాళ్ళకి అక్కరకొచ్చింది. మా వీధిలో ఎత్తుపల్లాలకి రెండు వందల గజాలు నడవలేని మనిషి ట్రెయిల్ మీద మైళ్ళ గుర్తులు చూసుకుంటూ రెండు మైళ్ళు నడిచింది. ప్రతి అర మైలుకీ ఒక గుర్తు ఉంటుంది. హెర్న్‌డన్ దగ్గర 20 వస్తుంది. అమ్మకి అది పెద్ద సరదా. "ఇవాళ పంతొమ్మిదిన్నర దాకా వెళ్ళొచ్చాం" అని ఫోన్లో పిన్నికి చెప్పేది.

మొదటి రోజు మాత్రం చిన్న గండం తప్పింది. వెనక నుంచి సైకిల్ మీద వస్తున్నాయన గంట కొట్టి "ఆన్ యువర్ లెఫ్ట్!" అన్నాడు. మీ ఎడమ పక్కనుంచి దాటుతున్నాను, ఉన్నచోటే ఉండండి అని దాని అర్థం. అమ్మకి అందులో లెఫ్ట్ అన్నదే వినపడింది. ఠక్కున ఎడమకి జరిగింది. సరిగ్గా సైకిల్ వచ్చే దారిలోకి. ఆయన బ్రేకులు గట్టిగా పట్టి కాలు నేలకి ఆనించి ఆగాడు. ఇద్దరూ ఒకళ్ళకొకళ్ళు సారీ చెప్పుకున్నారు. మన దగ్గర రోడ్డుకి ఎడమ పక్క వెళ్ళే అలవాటు, ఇక్కడ కుడి. ఆ అలవాటు ఒక్క రోజులో మారదు. ఇండియా నుంచి పెద్దవాళ్ళు వస్తే మొదటి రోజే చెప్పండి: కుడి అంచునే నడవాలి, ఒకరి వెనక ఒకరు, గంట వినపడితే పక్కకి జరగొద్దు, వెనక్కి తిరిగి చూడొద్దు, అలాగే నేరుగా నడవాలి. ఒకే బాట మీద నడిచేవాళ్ళు, పరిగెత్తేవాళ్ళు, స్ట్రోలర్లు, గంటకి పాతిక కిలోమీటర్ల వేగంతో పోయే సైకిళ్ళు, ఇప్పుడు కరెంటు సైకిళ్ళు. వియన్నా నుంచి పర్సెల్‌విల్ దాకా పక్కనున్న కంకర బాట గుర్రాల కోసం. గుర్రానికి అందరూ దారి ఇవ్వాలి, నడిచేవాళ్ళకి సైకిళ్ళు దారి ఇవ్వాలి. రద్దీ మరీ ఎక్కువైన ఫాల్స్ చర్చ్‌లో నడకకి విడిగా, సైకిళ్ళకి విడిగా రెండు బాటలు చేశారు.

ఇంకా జాగ్రత్త పడాల్సింది రోడ్డు దాటే చోట. రైలు ఉన్నప్పుడు గేటు పడేది, కార్లు ఆగేవి. ఇప్పుడు కారే రాజు, మనం ఆగాలి. వెడల్పు రోడ్ల దగ్గర ఒక లైనులో కారు మర్యాదగా ఆగి చెయ్యి ఊపుతుంది. దాని పక్క లైనులో వచ్చే కారుకి మనం కనపడం. ఒకసారి పాప స్ట్రోలరుతో నేను సగం దాటాక రెండో లైనులో ఒక కారు సర్రున దూసుకుపోయింది. చేతులు వణికాయి. అప్పట్నుంచి ఒక కారు ఆగినా, పక్క లైను ఖాళీ అని కళ్ళతో చూశాకే అడుగు వేస్తాను.

ఎండాకాలం ఇంకో ఇబ్బంది నీడ. స్టెర్లింగ్, ఆష్‌బర్న్ వైపు చాలా చోట్ల తీగల కింద పెద్ద చెట్లు ఉండనివ్వరు. కొమ్మ తీగకి తగిలితే ప్రమాదం కాబట్టి కరెంటు కంపెనీ కొట్టేస్తుంది, అది వాళ్ళు దాచుకున్న హక్కు. ఆష్‌బర్న్ చుట్టుపక్కల ప్రాంతం ప్రపంచంలోనే డేటా సెంటర్లు ఎక్కువగా గుమిగూడిన చోటు. మనవాళ్ళు ఎంతోమంది ఆ రంగంలోనే ఉన్నారు. వాటికి కరెంటు కావాలి, కరెంటుకి తీగలు కావాలి. ఈ పట్టీని కాపాడింది తీగలే, నీడ లేకుండా చేసింది కూడా తీగలే. ఏళ్ళ తరబడి పెరిగిన చెట్టు ఒక్క పూటలో మొద్దుగా మారడం చూసినప్పుడు కడుపు తరుక్కుపోతుంది. అయినా తీగల కంపెనీ కొనకపోతే ఆ చెట్టు కింద నడిచే బాటే ఉండేది కాదన్న సంగతి మరచిపోలేను.

పర్సెల్‌విల్ దగ్గర

అమ్మా నాన్నల తిరుగు ప్రయాణానికి వారం ముందు కారులో పర్సెల్‌విల్ వెళ్ళాం. లీస్‌బర్గ్ దాటాక క్లార్క్స్ గ్యాప్ దాకా బాట మెల్లమెల్లగా ఎక్కుతుంది, ఈ లైను మొత్తంలో అదే ఎత్తైన చోటు. అక్కడ పాత రాతి వంతెన కింద ఆగి నాన్న ఆ రాళ్ళ అతుకుల్ని చేత్తో తడిమి చూశారు. తర్వాత పర్సెల్‌విల్ పాత స్టేషను. దాని ముందే బాట ఆగిపోతుంది.

పడమటి వైపు నీలంగా కొండలు కనపడుతున్నాయి. అంత దూరం వచ్చి, ఎదురుగా కొండలు పెట్టుకుని, ఇక్కడెందుకు ఆపారని అమ్మ అడిగింది. నిజానికి రైలు ఇంకా ముందుకి, బ్లూమాంట్ దాకా వెళ్ళేది. కానీ ఆ ముక్కని 1939లోనే మూసేశారు. అప్పటికి రైల్‌బ్యాంకింగ్ చట్టం లేదు, కొనడానికి కరెంటు కంపెనీ రాలేదు, పాత కట్టని బాట చేయొచ్చన్న ఊహే ఎవరికీ లేదు. ఇదే రైల్వేకి గ్రేట్ ఫాల్స్ వైపు ఇంకో కొమ్మ ఉండేది, అది 1934లో ఆగిపోతే దాని మీద ఓల్డ్ డొమినియన్ డ్రైవ్ అనే కార్ల రోడ్డు వేశారు. అదైనా దారిగా మిగిలింది. బ్లూమాంట్ ముక్క అలా కూడా మిగల్లేదు.

నేను చెబుతుంటే నాన్న స్టేషను వెనక్కి వెళ్ళి, బాట వచ్చిన దిక్కునే చెయ్యి చాపి, అది ఇంకా సాగితే ఎటు పోయేదో గీత గీసినట్టు చూశారు. ఆ గీతలో ఇళ్ళున్నాయి, కంచెలున్నాయి, అవతల ఎక్కడో పొలాలున్నాయి.

"ఇక్కణ్ణుంచి కలిపేసుకున్నారన్నమాట," అన్నారు.